బడి కట్టడానికి 14 నెలలు, మొదలుపెట్టడానికి 4 ఏళ్లు

ప్రభుత్వ బడికి కొత్త భవనం కట్టాలంటే ఎంతకాలం పడుతుందని నలుగురిని అడిగితే నాలుగు జవాబులొస్తాయి. కాంట్రాక్టర్ 14 నెలలంటాడు. ఇంజినీరు రెండున్నరేళ్లంటాడు. శంకుస్థాపన చేసిన నాయకుడు ఏడాదిలో పూర్తిచేశామంటాడు. ప్రధానోపాధ్యాయురాలు నిట్టూర్చి ఆరేళ్లంటుంది. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు (నాయకుడి సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం). ఒక్కొక్కరు ఒక్కో రోజు నుంచి లెక్కపెడుతున్నారు, అంతే.

కాంట్రాక్టర్ లెక్క స్థలం తన చేతికొచ్చిన రోజున మొదలవుతుంది. ఇంజినీరుది డిజైన్ పని అప్పగించిన రోజున. ప్రధానోపాధ్యాయురాలిది మాత్రం "గదులు చాలడం లేదు, పిల్లల్ని వరండాలో కూర్చోబెడుతున్నాం" అని మొదటి ఉత్తరం రాసిన రోజున. వరండాలో కూర్చున్న పిల్లల వైపు నుంచి చూస్తే ఆమె లెక్కే సరైనది. ఈ వ్యాసంలో కూడా ఆ లెక్కే పట్టుకుందాం.

అలా లెక్కేస్తే మామూలు ప్రాథమిక పాఠశాలకు 3 నుంచి 5 ఏళ్లు, పెద్ద హైస్కూలుకు 5 నుంచి 7 ఏళ్లు పట్టడం ఎక్కడైనా ఆశ్చర్యపోవాల్సిన విషయం కాదు. అందులో ఇసుక, కంకర, సిమెంటు కళ్లకు కనిపించే కాలం మూడో వంతు, మహా అయితే సగం. మిగతా కాలమంతా ఏమైందో బయటివాళ్లకు కనిపించదు. అందుకే దాని మీద అనుమానాలూ ఎక్కువే.

ఉయ్యాల్లో ఉన్న పిల్లల లెక్క

గదులు చాలడం లేదన్నది బడికి వెళ్లిన ఎవరికైనా తెలిసిపోతుంది. డబ్బిచ్చేవాళ్లకు అది చాలదు. ఈ ఏడు ఎంతమంది పిల్లలున్నారో చెబితే, భవనం పూర్తయ్యే నాటికి ఎంతమంది ఉంటారు, ఇంకో పదేళ్లకు ఎంతమంది ఉంటారని అడుగుతారు. చిరాకు పుట్టించే ప్రశ్నే గానీ, న్యాయమైనదే. కొత్త బడి తెరిచిన రోజున ఒకటో తరగతిలో కూర్చోబోయే పిల్లలు, ఈ లెక్క వేసే రోజుకి ఇంకా ఉయ్యాల్లోనే ఉంటారు. కాబట్టి జనన నమోదులు తిరగేయాలి, చుట్టుపక్కల ఎన్ని కొత్త ఇళ్లు లేస్తున్నాయో చూడాలి, ఎంతమంది వలస వెళ్తున్నారో, ఎంతమంది ప్రైవేటు బళ్లకు పోతున్నారో అంచనా వేయాలి. లెక్క ఎక్కువేస్తే ఖాళీ గదులు మిగులుతాయి. తక్కువేస్తే కొత్త భవనం పక్కన తెరిచిన ఏడాదికే రేకుల షెడ్డు వెలుస్తుంది.

ఈ తొలి దశ ఎంత పెద్దదో అర్థం కావాలంటే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రాన్ని చూడొచ్చు. అక్కడ బడి భవనాలకు రాష్ట్రం వాటా ఇచ్చేందుకు 2004లో మసాచుసెట్స్ స్కూల్ బిల్డింగ్ అథారిటీ ఏర్పడింది. మొత్తం పనిని ఆ సంస్థ 8 మెట్లుగా విడగొట్టింది. మొదటి మెట్టు 'అర్హత కాలం', గడువు 270 రోజులు. ఈ 270 రోజుల్లో ఆర్కిటెక్టు ఇంకా రంగంలోకే రాడు. బడి కమిటీ వేయాలి, పిల్లల సంఖ్య మీద ఆ సంస్థతో ఒప్పందానికి రావాలి, పాత భవనాన్ని ఇన్నాళ్లూ ఎలా చూసుకున్నారో కాగితాలు చూపాలి, అధ్యయనం ఖర్చుకు స్థానికంగా డబ్బు మంజూరు చేయించుకోవాలి. ఆ తర్వాత బృందం ఏర్పాటు, సాధ్యాసాధ్యాల అధ్యయనం, ప్రాథమిక నమూనా, నిధుల ఒప్పందం, పూర్తి డిజైన్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కట్టడం మొదలయ్యేది 7వ మెట్టులో. 8వది లెక్కల ముగింపు. పైగా మొదటి మెట్టు ఎక్కాలంటేనే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఈసారి పిలుపు రాకపోతే వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకోవాలి.

ఇది చదివి 'అంతా అనవసరపు కాగితాల గోల' అని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఆ పట్టికలో నచ్చే విషయం ఒకటుంది. ఏ మెట్టు మీద ఉన్నామో అందరికీ తెలుస్తుంది. చాలాచోట్ల ఉన్న బాధ మెట్లు ఎక్కువని కాదు, మెట్లు ఎన్నో ఎవరికీ తెలియకపోవడమే.

ఇంకొకటి. ఈ కాగితాల కాలంలో నిజంగా పని జరిగే రోజులు తక్కువ, ఫైలు వంతు కోసం ఎదురుచూసే రోజులు ఎక్కువ. ఒక డ్రాయింగుల కట్టను పరిశీలించడానికి ఇంజినీరుకి నాలుగు రోజులు చాలు. కానీ ఆ ఇంజినీరు బల్ల మీద మనకంటే ముందు ఇరవై కట్టలుంటాయి. మంజూరు కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. ఒక సంతకం తక్కువైతే నష్టపోయేది ఒక రోజు కాదు, ఒక నెల. బడ్జెట్ ఏడాదికోసారి వస్తుంది. దానికి నెల ఆలస్యంగా చేరిన ప్రతిపాదన పదకొండు నెలలు కూర్చుంటుంది. పనివాళ్లను పెంచినా ఈ ఆలస్యం తగ్గదు.

నేల కింద ఏముందో

స్థలం ఉన్న బడి అదృష్టవంతురాలు. పాత ప్రాంగణంలోనే కొత్త భవనం కడితే ఒక ఏడాది మిగిలినట్టే. కొత్త స్థలం వెతకాల్సి వస్తే యాజమాన్య హక్కులు, సర్వే, దారి, వరద నీటి మట్టం, పక్కన ఏ పరిశ్రమ ఉంది, పైన హైటెన్షన్ తీగలున్నాయా అన్నవన్నీ చూసుకోవాలి. జనం కిక్కిరిసిన నగరంలో బడికి సరిపడా ఖాళీ జాగా దొరకడమే కష్టం. లాస్ ఏంజెలెస్‌లో అంబాసిడర్ హోటల్ 1989లో మూతపడింది. 1968లో అమెరికా సెనేటర్ రాబర్ట్ కెనడీ మీద కాల్పులు జరిగిన హోటల్ అది. ఆ స్థలం బడికి కావాలని విద్యా విభాగం, వ్యాపారానికి కావాలని వేరేవాళ్లు, చారిత్రక కట్టడాన్ని కూల్చొద్దని ఇంకొందరు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. అక్కడ బడి తెరుచుకున్నది 2010లో. ఖర్చు 57.8 కోట్ల డాలర్లు.

అదే నగరంలో ఇంతకంటే బాధాకరమైన కథ బెల్మాంట్ లెర్నింగ్ సెంటర్‌ది. హైస్కూలు కోసం ఎంచుకున్న స్థలం ఒకప్పటి చమురు క్షేత్రం. 1997లో పని మొదలుపెట్టారు. నేలలోంచి మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు వస్తున్నాయన్న ఆందోళన పెరిగింది. చాలావరకు లేచిన భవనాల పని మధ్యలో ఆగిపోయింది. వాయువులకు పరిష్కారం ఆలోచిస్తుండగా, 2002లో ఆ స్థలం కింద భూకంప చీలిక ఉందని తేలింది. కట్టినదాంట్లో కొంత కూల్చి, నమూనా మార్చి, చివరికి 2008లో వేరే పేరుతో బడి తెరిచారు. పని మొదలైనప్పుడు హైస్కూలు వయసున్న పిల్లలు తెరిచేనాటికి ఉద్యోగాల్లో ఉన్నారు.

మట్టి పరీక్ష అంటే నాలుగు చోట్ల బోరు వేసి, తీసిన మట్టిని ల్యాబ్‌కి పంపడమే. మొత్తం ప్రాజెక్టు ఖర్చుతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకే రాదు. కొన్ని వారాల్లో అయిపోతుంది. అయినా తొందరలో ముందుగా కత్తిరించేది దీన్నే. పునాది తవ్వాక బురదో, బండో, పాత చెత్తకుప్పో బయటపడితే డిజైన్ మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు కాంట్రాక్టర్ మనుషులు, యంత్రాలు స్థలంలో ఖాళీగా ఉంటాయి. వాటి ఖర్చూ బడి ఖాతాలోనే పడుతుంది.

రెండు వేళల తేడా

అన్ని అనుమతుల్నీ ఒకే గాటన కట్టి తిట్టే ముందు రెండు తేదీలు చూడాలి.

1933 మార్చి 10 సాయంత్రం 5 గంటల 54 నిమిషాలకు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ దగ్గర భూకంపం వచ్చింది. 70 బడులు కూలిపోయాయి. మరెన్నో దెబ్బతిన్నాయి. అప్పటికి పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. కొన్ని గంటల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సరిగ్గా నెల రోజుల్లో, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. ప్రభుత్వ బడి భవనం డ్రాయింగుల్ని రాష్ట్ర స్థాయిలో నిర్మాణ ఇంజినీర్లు పరిశీలించాలి, పని జరుగుతున్నంత కాలం కాంట్రాక్టర్‌తో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్ చూస్తుండాలి అన్నది దాని సారం. ఈ పరిశీలన నెలల తరబడి పడుతుందని అక్కడి విద్యాధికారులు ఇప్పటికీ సణుగుతూనే ఉంటారు.

2008 మే 12న చైనాలోని సిచువాన్‌లో భూకంపం వచ్చిన సమయం మధ్యాహ్నం 2 గంటల 28 నిమిషాలు. పిల్లలు తరగతుల్లో ఉన్నారు. మరుసటి ఏడాది అధికారులు ప్రకటించిన లెక్క ప్రకారం చనిపోయిన, గల్లంతైన విద్యార్థులు 5,335 మంది. పక్క భవనాలు నిలబడి బడి మాత్రమే కూలిన చోట్ల, నాసిరకంగా కట్టారని తల్లిదండ్రులు రోడ్డెక్కారు.

కాబట్టి 'అనుమతికి ఆరు నెలలు' అని విన్నప్పుడు, ఆ ఆరు నెలల్లో ఎవరైనా కూర్చుని కడ్డీల లెక్క చూస్తున్నారా, లేక ఫైలు అల్మరాలో ఉందా అని అడగాలి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

డబ్బు ఉంది, ధర మారింది

అంచనా వేసిన రోజుకీ, టెండర్ తెరిచే రోజుకీ మధ్య ఏడాదిన్నర గడిచిందనుకోండి. ఆ లోపు స్టీలు ధర పెరుగుతుంది, కూలి పెరుగుతుంది. వచ్చిన టెండర్లన్నీ అంచనాకు మించి ఉంటాయి. ఇప్పుడు రెండే దారులు. అదనపు డబ్బు కోసం మళ్లీ పైకి రాయడం, లేదా లైబ్రరీనో లేబొరేటరీనో తీసేసి డిజైన్ తగ్గించి మళ్లీ టెండర్ పిలవడం. ఏది చేసినా నాలుగు నుంచి ఎనిమిది నెలలు. ఆ నెలల్లో ధరలు ఇంకాస్త పెరుగుతాయి. రివైజ్డ్ ఎస్టిమేట్ అనే మాట వినగానే అనుభవమున్న ఇంజినీర్లకు టెన్షన్ మొదలయ్యేది ఇందుకే.

దీన్ని దాటడానికి అన్నీ ఒకేసారి చేద్దామనుకున్న దేశం ఇంగ్లండ్. అక్కడి సెకండరీ స్కూళ్లన్నిటినీ, అంటే దాదాపు 3,500 బడుల్ని, 15 ఏళ్లలో తిరిగి కట్టడమో బాగుచేయడమో చేయాలని 'బిల్డింగ్ స్కూల్స్ ఫర్ ద ఫ్యూచర్' కార్యక్రమం మొదలైంది. 2008 చివరికి 200 బడులు తయారవ్వాలని తొలి అంచనా. తయారైనవి 42. డబ్బు కొరత దీనికి ముఖ్య కారణం కాదు. ఒక్కో ప్రాంతం ముందు తన విద్యా దృక్పథాన్ని రాసుకోవాలి, తర్వాత ప్రైవేటు భాగస్వామిని ఎంచుకోవాలి, బోలెడన్ని సలహాదారు సంస్థలతో నెలల తరబడి ఒప్పందాలు రాసుకోవాలి. మొదటి గునపం దిగేలోపే రెండు మూడేళ్లు గడిచిపోయాయి. 2010లో ప్రభుత్వం మారింది. ఆ జూలైలో విద్యామంత్రి మైకేల్ గోవ్ కార్యక్రమాన్ని ఆపేశారు. 700కు పైగా బడుల ప్రణాళికలు ఆగిపోయాయి. అప్పటికే వాటి మీద ఖర్చుపెట్టిన కాలం, కన్సల్టెంట్ల ఫీజులు తిరిగి రాలేదు.

దీన్ని బట్టి, పొడవైన ప్రణాళికా కాలానికి ఎవరూ ముందుగా లెక్కలోకి తీసుకోని ఖర్చొకటి ఉందని తెలుస్తుంది. ఎన్నికలు నాలుగైదేళ్లకోసారి వస్తాయి. బడి ఆరేళ్లు పడుతుంది. మొదలుపెట్టిన ప్రభుత్వం తెరిచే రోజున ఉంటుందన్న నమ్మకం లేదు. గోడలు లేచిన భవనాన్ని ఆపడానికి ఎవరికైనా సంకోచం ఉంటుంది. కాగితం మీదున్న భవనాన్ని ఆపడానికి ఒక ప్రకటన చాలు.

కాంక్రీటుకి తొందర తెలియదు

ఇంత తతంగం అయ్యాక అసలు కట్టుబడి మొదలవుతుంది. ఇది మొత్తంలో ఎక్కువ భరోసా ఉన్న దశ. చిన్న బడికి 12 నుంచి 18 నెలలు, పెద్దదానికి రెండేళ్లు, రెండున్నరేళ్లు.

ఇక్కడి కాలానికి చాలావరకు భౌతిక కారణాలుంటాయి. కాంక్రీటు బలాన్ని 28 రోజుల నాటి పరీక్షతో లెక్కిస్తారు. స్లాబ్ వేశాక నీళ్లు పట్టాలి. కింద సెంట్రింగ్ కర్రలు రెండు వారాలో, పెద్ద బీములైతే ఇంకా ఎక్కువ రోజులో ఉంచాలి. ఆ కర్రల అడవిలో కింది అంతస్తు పని సాగదు. గోడ తడి ఆరకుండా రంగు వేస్తే పొక్కులొస్తాయి. ఇదంతా సాఫీగా సాగినా, చూసేవాళ్లకు విచిత్రంగా అనిపించే విషయం ఒకటుంటుంది. పిల్లర్లు, స్లాబులు చకచకా లేస్తాయి. సగం సమయంలోనే భవనం ఆకారం వచ్చేస్తుంది. 'ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది' అని అందరూ అనుకుంటారు. అక్కణ్నించి ప్లాస్టరింగు, వైరింగు, పైపులు, తలుపులు, టైల్స్, అగ్నిమాపక ఏర్పాట్లు మిగతా సగం కాలాన్ని తింటాయి. ఒకరి పని ఆగితే ఇంకొకరిది ఆగుతుంది. ఎలక్ట్రీషియన్ గోడలో పైపు వేయనిదే మేస్త్రీ పూత వేయలేడు. అంతా అయ్యాక కరెంటు కనెక్షన్ కోసమో, నీటి కనెక్షన్ కోసమో రంగులేసిన భవనం తాళంతో నిలబడటం చాలాచోట్ల కనిపించే దృశ్యమే. ఆ దరఖాస్తు పునాదుల రోజుల్లోనే పెట్టి ఉండాల్సింది.

బడి నడుస్తుండగానే పక్కన కడితే ఇంకో చిక్కు. పరీక్షల రోజుల్లో డ్రిల్లింగ్ కుదరదు. లారీలు పిల్లలు వచ్చిపోయే వేళల్లో తిరగకూడదు. పాత భవనంలో ఆస్బెస్టాస్ రేకులుంటే వాటిని పిల్లలు లేనప్పుడే తీయాలి. అందుకే పెద్ద కూల్చివేతలన్నీ సెలవుల్లో పెట్టుకుంటారు. సెలవులకు వారం ముందు టెండర్ ఖరారు కాకపోతే ఆ పని మరుసటి సెలవులకు పోతుంది.

అన్నిటికంటే కఠినమైన గడువు విద్యా సంవత్సరం. ఆఫీసు భవనం రెండు నెలలు ఆలస్యమైతే రెండు నెలలు ఆలస్యంగా మారతారు. బడి రెండు నెలలు ఆలస్యమైతే తరగతులు పాత చోటే మొదలైపోతాయి. మధ్యలో టైమ్‌టేబులు, బస్సులు, వంటశాల అన్నీ మార్చడానికి ఎవరూ ఇష్టపడరు. రెండు నెలల ఆలస్యం ఏడాదిగా మారిపోతుంది. లేదా అది జరగకూడదని చివరి రెండు నెలల్లో రాత్రింబవళ్లు పని చేయించి, తడి ఆరని గోడల మధ్య బడి తెరుస్తారు.

మరి పది రోజుల్లో ఆసుపత్రి ఎలా కట్టారు?

ఈ చర్చ ఎక్కడ వచ్చినా ఈ ప్రశ్న వస్తుంది. 2020లో వుహాన్‌లో హుఓషెన్‌షాన్ ఆసుపత్రిని జనవరి 23న మొదలుపెట్టి ఫిబ్రవరి 2కల్లా ముగించారు. 1,000 పడకలు. బడికి ఇన్నేళ్లెందుకు?

పైన చెప్పుకున్న ఒక్కో దశనూ ఆ ఆసుపత్రికి పెట్టి చూడండి. అవసరం నిరూపించక్కర్లేదు, మహమ్మారి ఊళ్లోనే ఉంది. స్థలం ప్రభుత్వం చూపించింది. డిజైన్‌కు 2003లో సార్స్ అనే అంటువ్యాధి సమయంలో బీజింగ్‌లో కట్టిన ఆసుపత్రి నమూనా ఉంది. పోటీ టెండర్లు, ప్రజాభిప్రాయాలు లేవు. గదులు ఫ్యాక్టరీలో తయారైన పెట్టెలు. వేల మంది పగలూ రాత్రీ పనిచేశారు. అన్నిటికీ మించి, అది తాత్కాలికం. యాభై ఏళ్లు పిల్లలు పరుగెత్తాల్సిన భవనం కాదు. ఆ వేగం దాదాపు అంతా మన నాలుగేళ్లను రద్దు చేయడంలోంచే వచ్చింది.

అయితే ఆ ఉదాహరణలో బడులకు పనికొచ్చేది లేకపోలేదు. ప్రతి బడికీ కొత్తగా డిజైన్ గీయాల్సిన పనిలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బళ్ల కొరతతో సతమతమైన ఇంగ్లండ్‌లో కొన్ని ప్రాంతాల పాలనా సంస్థలు 1957లో చేతులు కలిపి క్లాస్ప్ అనే పద్ధతి తెచ్చాయి. తేలికైన ఉక్కు చట్రం, ముందే తయారైన పలకలు, అందరూ కలిసి ఒకేసారి కొనుగోలు. నాటింగ్‌హామ్‌షైర్‌లో బొగ్గు గనుల వల్ల నేల కుంగుతుంటే, దానికి తగ్గట్టు సర్దుకునేలా చట్రాన్ని రూపొందించారు. 1960 మిలాన్ ప్రదర్శనలో దానికి బహుమతి కూడా వచ్చింది. పరీక్షించి పెట్టుకున్న నమూనా చేతిలో ఉంటే డిజైన్‌లో, అనుమతిలో ఏడాది దాకా మిగులుతుంది. స్థలానికి తగ్గట్టు పునాది, దిక్కు, మెట్లు మార్చుకుంటే చాలు.

కానీ ఒకే నమూనాలో, ఒకే సామగ్రిలో తప్పుంటే అది వందల చోట్ల ఒకేసారి బయటపడుతుంది. అదే ఇంగ్లండ్‌లో 1950ల నుంచి 1990ల దాకా చాలా బడుల పైకప్పులకు గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు పలకలు వాడారు. చవక, తేలిక, త్వరగా బిగించొచ్చు. 2018లో కెంట్ ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాల పైకప్పు వారాంతంలో ఉన్నట్టుండి కూలింది. లోపల ఎవరూ లేరు. 2023 ఆగస్టు 31న, బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు, 100కు పైగా బడుల్లో ఆ పలకలున్న భాగాల్ని మూసేయమని ప్రభుత్వం చెప్పింది. పిల్లలు మళ్లీ తాత్కాలిక గదుల్లోకి వెళ్లారు.

తాళాలు ఇచ్చాక

భవనం అప్పగించేటప్పుడు ఒక జాబితా రాస్తారు. పట్టని తలుపు, కారే కుళాయి, వెలగని లైటు. అవి సరిచేశాక కూడా సాధారణంగా ఏడాది పాటు లోపాల బాధ్యత కాంట్రాక్టర్‌దే. బిల్లులో కొంత శాతం అప్పటిదాకా చేతిలో ఉంచుకుంటారు. ఆ ఏడాదికి అర్థం ఉంది. పైకప్పు కారుతుందో లేదో మొదటి వానకి తెలుస్తుంది. గదులు ఉడుకుతాయో లేదో మొదటి ఎండాకాలానికి తెలుస్తుంది. మరుగుదొడ్ల పైపులు చాలతాయో లేదో ఐదు వందల మంది పిల్లలు ఒకేసారి విరామానికి పరుగెత్తినప్పుడే తెలుస్తుంది.

కాంట్రాక్టర్ లెక్కలో 14 నెలలు ముగిసి చాలా రోజులైంది. రిబ్బను కత్తిరించిన ఫొటో పాతబడింది. ప్రధానోపాధ్యాయురాలు మాత్రం రెండో అంతస్తులో, ఉత్తరం వైపు గది మూలన చెమ్మ కనిపిస్తోందని ఇంకో ఉత్తరం రాస్తూ ఉంటుంది. ఆమె మొదటి ఉత్తరం రాసిన ఏడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నారు, వేరే బడిలో.